మందలో రోగం వచ్చాక

ఏప్రిల్ 21, 2021
టీకా వేసుకుంటే పిల్లలు పుట్టరట. మా వీధిలో అరవై దాటిన నర్సింగమ్మకు కూడా అదే భయం. నవ్వాలో ఏడవాలో తెలియదు. మహబూబ్‌నగర్‌లో ఖైసర్, నేను నడిపే ఫ్యాక్ట్‌చెక్ గ్రూపులో దానికి జవాబు పెట్టాం. రేపు ఇంకేం పుట్టిస్తారో.

ఏప్రిల్ 24
మక్తల్ వైపు నుంచి కొత్త ఆడియో వచ్చిందని ఖైసర్ పంపాడు. పేరు లేదు. ఫార్వర్డ్ మీద ఫార్వర్డ్. అది విని కొన్ని ఊళ్లలో టీకా క్యాంపుకు ఒక్కరూ రాలేదట. టీ తాగుతూ ప్లే చేశాను.

మందల రోగం వచ్చినంక సూది ఏపియ్యద్దు, లోపల రోగమున్న గొర్రె ఆ సూదితోనే పోతది, ఇప్పుడు ఊర్ల రోగమున్నది, జర ఆగుండ్రి అంటున్నాడు ఎవరో కాపరి.

ఎవరో కాదు. మా బాపు.

సాయంత్రం
ఎవడో పనిలేనివాడు కూర్చుని అబద్ధాలు అల్లుతున్నాడని ఇన్నాళ్లూ తిట్టాను. బాపు అబద్ధం ఆడడు. గొర్రెల విషయంలో ఆ మాట నిజమే, పశువుల డాక్టరూ అదే చెబుతాడు. దాన్ని తీసుకెళ్లి మనుషులకు అంటించాడు. ఫోన్ చేసి అడిగితే, మా కురుమల గ్రూపులోనే పెట్టిన బిడ్డా, మంచికే చెప్పిన అన్నాడు. మనుషులు గొర్రెలు కాదని అరిచాను. రోగం తగ్గినంక నేనూ ఏసుకుంట, ఫికర్ చేయకు అన్నాడు.

ఏప్రిల్ 25
మనుషులు ఆగితేనే ప్రమాదమని, ఆ ఆడియో డిలీట్ చేయమని అన్ని గ్రూపుల్లో పెట్టాను. గొంతు ఎవరిదో చెప్పలేదు. సిగ్గేసింది. అందరూ దండం బొమ్మ పెట్టారు. బాపు కూడా.

మే 3
బాపుకు జ్వరం. టీకా వేసుకోలేదు.

మే 9
దవాఖానలో బెడ్ దొరికింది. ఆక్సిజన్ మాస్కు పక్కకు లాగి, ఫోన్ తే, నేను చెప్పింది తప్పని మల్ల చెప్త అన్నాడు. కోలుకున్నాక చెబుదువులే అని మాస్కు సరిచేశాను.

మే 11
బాపు పోయాడు. ముఖం కూడా సరిగ్గా చూడనివ్వలేదు. నాకు ఏడుపు రావడం లేదు. ఇది నిజమేనా అని ఖైసర్‌ను అడిగాను.

మే 14
అమ్మ బాపు గొంతు ఒక్కసారి వినాలంది. నా దగ్గర ఫొటోలే ఉన్నాయి. ఆ ఆడియో ఎవరి దగ్గరైనా ఉందా అని గ్రూపులో అడిగాను. ఫోన్ మోగడం మొదలైంది. ఆగడం లేదు. ఒక్కరూ డిలీట్ చేయలేదు.