ఖాళీగా ఉంచిన గడి

నాన్నా,

ఒకే ఇంట్లో ఉంటూ ఈ ఉత్తరమేమిటని నవ్వకండి. సైట్‌లో మిమ్మల్ని "ఆపరేటర్ గారూ" అనాలి, ఇంటికొస్తే "నాన్నా" అనాలి. ఈ మాట ఏ గొంతుతో చెప్పాలో తెలియక కాగితం పట్టుకున్నాను. అమ్మ కంట పడకుండా మీ హెల్మెట్‌లో పెడుతున్నాను.

నిన్న మీ క్రేన్ ఇనుప చువ్వల కట్టను మోసుకెళ్తుంటే తాపీమేస్త్రి తల వంచుకుని దాని కిందికి వచ్చేశాడు. సైగలిచ్చే మనిషి అటు తిరిగి ఉన్నాడు. నేను పరుగెత్తుకొచ్చి మీకెదురుగా రెండు చేతులూ పైకెత్తాను. మీరు ఆపలేదు. కట్ట ఆయన తల మీదుగా వెళ్లిపోయింది. ఆయనేమో ఈల వేసుకుంటూ పోయాడు.

సైగలు ఒక్కరే ఇవ్వాలి, ఆపమనే సైగ మాత్రం ఎవరిచ్చినా ఆపి తీరాలి. నేను సూపర్‌వైజర్ని కాకముందే ఇది నాకు నూరిపోసింది మీరే కదా! మరి నా చేతులు కనపడలేదా? కనపడినా, నిన్నమొన్నటి పిల్ల నాకు చెప్పేదేమిటని ఊరుకున్నారా? భోజనాల దగ్గర అడుగుదామని మూడుసార్లు నోరు తెరిచాను. మీరు "కూరలో ఉప్పు తక్కువైంది" అన్నారు. ఉప్పు అందించాను. ఒకసారి మీ మీద కోపం, మరుక్షణం జాలి, ఆ వెంటనే అసలు నేనే సరిగ్గా చూశానా అని అనుమానం. ముప్పై ఏళ్లలో మీ చేతి కింద ఒక్క ఇటుకైనా జారలేదే!

మిమ్మల్ని క్యాబిన్ నుంచి దించే ఫారం నింపి దీంతోనే మడిచి పెట్టాను. 'కారణం' అనే గడి ఒక్కటే ఖాళీ. చూపు అని రాస్తే మీ పని పోతుంది, పొగరు అని రాస్తే మీ పేరు పోతుంది. నాకేమీ పాలుపోవడం లేదు. ఈరోజు మాత్రం క్రేన్ ఎక్కకండి నాన్నా.

మీ
పొట్టి

పొట్టీ,

కనపడలేదమ్మా. ఆరు నెలలుగా చూపు మసక. కళ్ల పరీక్షలో నా ముందువాడు చదివిన అక్షరాలే గడగడా అప్పజెప్పాను. డాక్టరు భేష్ అన్నాడు. సైగలిచ్చేవాడి ఎర్ర చేతితొడుగులు ఆనవాలు పట్టుకుని నెట్టుకొస్తున్నాను. నీవి తెల్లవి.

నిన్ను సూపర్‌వైజర్‌గా వేసిన రోజు నేను పొంగిపోయాననుకున్నారు అందరూ. భయపడ్డాను. నువ్వు కనిపెట్టేస్తావని రోజూ ఆ భయంతోనే పైకెక్కేవాణ్ణి, దిగేటప్పుడేమో, కనిపెట్టేసినా బాగుండేదే అనుకునేవాణ్ణి. క్యాబిన్ దిగితే నేనెందుకు పనికొస్తానో తెలియక దాచాను.

కూరలో ఉప్పు సరిపోయింది. నువ్వు అడిగేస్తావని అలా అన్నాను.

ఇవాళ ఎక్కలేదు. తాళం స్టోర్‌లో ఇచ్చేశాను. తాపీమేస్త్రి పక్కన కాసేపు కూర్చున్నాను. పిల్లల కబుర్లు చెప్పాడు. నేను తల ఎత్తలేకపోయాను.

ఆ గడిలో 'చూపు' అని నేనే రాశాను. అక్షరాలు పక్క గడిలోకి కూడా పోయినట్టున్నాయి, ఏమనుకోకు. సంతకం మాత్రం సూపర్‌వైజర్ గారిదే ఉండాలి. గడి దాటకుండా పెట్టు.

నాన్న