అన్నయ్య పెట్టెకు వస్తున్న వైరస్‌లు

వదినా,

ఫోన్‌లో చెప్పడానికి నోరు రాక ఇలా రాస్తున్నాను. మా ఆఫీసు మెయిల్ సర్వర్‌కి వైరస్‌లు కొత్త కాదు. వస్తే అందరి మెయిల్ పెట్టెలకూ వస్తాయి. ఈమధ్య పట్టుబడేవి మాత్రం అన్నీ ఒక్క అన్నయ్య పెట్టెకే. సర్వర్ చూసుకునేవాణ్ణిగా, ఆయన పోయాక దాన్ని మూసేయాల్సింది నేనే, చేతులు రాలేదు. ఎవడురా పంపేది అని కోపంగా వెతికితే మీ పేరు కనబడింది.

ఒక్క ఉత్తరమూ తెరవలేదు, ఒట్టు. మీ కంప్యూటర్‌లో చేరిన వైరస్ వాటికి అంటుకోవడంతో అవన్నీ మా దగ్గరే ఆగిపోతున్నాయి. ఆదివారం వచ్చి బాగుచేస్తాను. కాఫీలో పంచదార మాత్రం ఎప్పటిలా కుమ్మరించకండి.

రాయడం మానకండి. పెట్టె అలాగే ఉంటుంది. వైరస్ పోయాక ఉత్తరాలు నేరుగా అన్నయ్యకే చేరతాయి, మధ్యలో నేనుండను.

మీ మరిది