రెండు గంటల మద్రాసు, రెండు రోజుల సెలవు

కలకత్తా

లక్ష్మణమ్మప్పకు నీ తమ్ముడు గంగులు రాసేది: ఒళ్లు బాగానే ఉంది, మండుతున్నది కడుపే.

పాపకు చెవులు కుట్టేటప్పుడు మేనమామ ఒళ్లో కూర్చోబెట్టాలి గదా అని, విమానాల స్టేషన్లో మా మేస్త్రీని వారం సెలవడిగాను. మన విజయనగరం మనిషే.

“ఎనిమిదొందల యాభై మైళ్ల మద్రాసుకి ఇమానం రెండు గంటల్లో ఎల్లిపోతాది. దార్లో ఉన్న మీ ఊరికి వారమేటిరా?” అన్నాడు.

“అది భావనపాడులో ఆగదు బాబూ. మీదనుంచి దూకీమంతారేటి?” అన్నాను.

రెండు రోజులే రాశాడు. రైల్లో మన నౌపడా స్టేషనుకి రావడానికో రోజు, పోవడానికో రోజు; సెలవంతా దారికే సరి. సామాన్లు మోసేవాడికి ప్రయాణం రైల్లో, సెలవు మాత్రం విమానం లెక్కనా?

బావ వల బాగుచేశాడా? అమ్మకు దగ్గు తగ్గిందా?

ముహూర్తం మార్చకు. వారం ఉండే వెళ్తాను, పని ఊడితే ఊడనీ. పాపను ఇంకెవరి ఒళ్లోనైనా కూర్చోబెట్టావో, ఊరుకోను. దానికి నా దీవెనలు.