ఎర్ర రిబ్బను కట్టిన చోటల్లా

శనివారం, మధ్యాహ్నం
మీ ఇంటి వంటగది నుంచి

బావగారికి,

నమస్కారం. ఇది అక్క ముఖం చూసి పెడుతున్నది, మీ ముఖం చూసి కాదు. ఇక్కడ అందరం క్షేమం. పాపకి జలుబు తగ్గింది. కుళాయి మాత్రం కారుతూనే ఉంది. ఊళ్లకి కరెంటు లాగే మనిషికి ఇంట్లో కుళాయి బిగించే తీరిక ఉండదు కదా.

కరెంటు లైను వెళ్లే గడ్డిమైదానంలో పిట్టల గూళ్లు గుర్తుపెట్టే పని నాకు ఇప్పించింది మీరే. కౌజు పిట్ట గూడు చెట్టు మీద ఉండదు. గడ్డి దుబ్బు కింద నేలలో చిన్న పల్లం, అంతే. కాలు పడేదాకా కనబడదు. అందుకే గూడు కనిపించిన చోటల్లా పుల్ల పాతి ఎర్ర రిబ్బను కట్టాను. నేను చదువుకున్న చోట ఎరుపంటే దగ్గరికి రావద్దని. మీ ముఠాలో ఎరుపంటే ఇక్కడ గీకి చదును చేయమనీ, ముట్టుకోవద్దంటే తెలుపు కట్టాలనీ నాకెవరూ చెప్పలేదు. గురువారం నేను వెళ్లేసరికి మిషను నా రిబ్బన్లను వెతుక్కుంటూ మరీ గీకేసింది. నడిపే పెద్దాయన, ఎంత శుభ్రంగా చేశానో చూడమ్మా అని మురిసిపోయాడు. ఆయన్నేం అంటాను? మట్టిలో పెంకులు, పచ్చసొన. తల్లిపిట్ట ఒకటి ఆ కుప్ప చుట్టూ తిరుగుతూనే ఉంది.

మీరేమో పదిమందిలో, మా మరదలు దగ్గరుండి ఆమ్లెట్టు వేయించిందన్నారు. అందరూ నవ్వారు. తప్పంతా పిల్లదేనని గూళ్ల పని చూసే ఆఫీసరుకి ఫోను చేశారు. నన్ను సైటులో అడుగు పెట్టనివ్వద్దని కాపలావాళ్లకి చెప్పారు.

వాగు పక్కన ఇంకా గూళ్లున్నాయి. వాటికీ నా ఎర్ర రిబ్బన్లే ఉన్నాయి. సోమవారం మిషను అటే వెళ్తుంది. రేపటిలోగా వాటిని మీరు మార్పిస్తే, ఇది తెలియక జరిగిన పొరపాటని నేనూ ఒప్పుకుంటాను, ఆఫీసరు దగ్గర చీవాట్లూ నేనే తింటాను. లేదంటే మీకో మరదలుందన్న సంగతి మరిచిపోండి.

సెలవు మిమ్మల్ని అడగను, నేనే తీసుకుంటున్నాను.

ఇంకా మీ మరదలే

తా.క.: మడత పెట్టేలోపే అక్క ఈ ఉత్తరం లాక్కుని చదివింది. చదివి, స్టవ్ కట్టేసి కూర్చుండిపోయింది. బుధవారం అన్నం తింటూ మీరు తనతో అన్నారట: నీ చెల్లెలు తెలియక ఎర్రవి కట్టింది, మేస్త్రీని నోరెత్తొద్దన్నాను, గూళ్లుంటే లైను వంపు తిప్పాలి, లేకపోతే తిన్నగా పోతుంది అని. వేళాకోళం అనుకుందట. గురువారం సంగతి విన్నాక మీ పరువు పోతుందని దాచిందట. కాబట్టి పైన రాసిన గడువు లేదు. ఇప్పుడే ఆఫీసరు ఇంటికి వెళ్తున్నాం. మీరన్న మాటలు తన నోటితోనే చెబుతానని అక్క చెప్పులేసుకుంది. కూర సగమే ఉడికింది. మిగతాది మీరు చూసుకోండి.