సత్రం అవ్వ ఏమంటోంది?

ప్రియమైన గుండూ,

అక్క ఫోనెత్తడం లేదని మీ బావ మీద విరుచుకుపడ్డావట. పాపం, ఆయన్నేమీ అనకు. ఫోన్ నేనే బీరువాలో బట్టల కింద పడేశాను. ఎత్తి ఏం చెయ్యమంటావు? "హలో" అనబోతే సైకిల్ ట్యూబులోంచి గాలి పోయినట్టు బుస్సుమంటోంది. గొంతులో గడ్డ తీశారు, దాంతోపాటు మాటా పోయింది. "ఇక రాదమ్మా, అలవాటు చేసుకోవాలి" అన్నాడు డాక్టరు, చొక్కా గుండీ ఊడిందని చెప్పినంత తేలిగ్గా. ఫోన్లో టైపు చేద్దామంటే రెండు ముక్కలకే విసుగొస్తుంది. అందుకే ఈ ఉత్తరం. నీకు నేను ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి కదూ?

ఇరవై ఏళ్ళు బస్ స్టేషన్‌లో అద్దాల గదిలో కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తోందో ఊరందరికీ చెప్పినదాన్ని. కూరగాయల కొట్లో నోరు తెరిస్తే చాలు, "మీరు బస్ స్టేషన్ మేడం కదూ" అని గుర్తుపట్టేవాళ్ళు. ఇప్పుడు ఆ కొట్టుకే వెళ్ళడం మానేశాను. వేలు పెట్టి చూపించి టమాటాలు కొనుక్కోవడం నా వల్ల కాదు.

ఆఫీసు వాళ్ళు నెలాఖరు దాకా గడువిచ్చారు. బోర్డుల గదిలో చేరితే చేరమన్నారు. బస్సుల పేర్లు, టైములు కంప్యూటర్లో కొడితే బయట బోర్డుల మీద పడతాయి, ఆ పని. నా కుర్చీలో కొత్తగా వచ్చిన పిల్ల కూర్చుంటుంది. ఆ పిల్ల గొంతు పొద్దస్తమానం నా చెవిలో పడుతుంటుంది. అది వద్దంటే రాజీనామా. రాసి సొరుగులో పెట్టాను. తేదీ వెయ్యడమే మిగిలింది.

ఇంకో వింత చెప్పనా? మీ బావ కూడా సైగలు మొదలుపెట్టారు. గొంతు పోయింది నాకు, మాట పడిపోయింది ఆయనకి. నిన్న కూరలో ఉప్పు లేదని చెప్పడానికి చేతులతో చిన్న నాటకమే వేశారు. "నా చెవులు బాగానే ఉన్నాయి మహానుభావా" అని కాగితం మీద రాసి చూపించాను. నవ్వొచ్చింది. ఆ తర్వాత ఏడుపొచ్చింది.

మరదలినీ మేనకోడలినీ అడిగానని చెప్పు.

మీ అక్క

---

ప్రియమైన అక్కకి,

కవరు మీద కూడా "గుండు" అనే రాయాలా? పోస్ట్‌మ్యాన్ నా తల వంక చూసి, అడ్రసు ఇదేనని తేల్చుకుని ఇచ్చి పోయాడు.

నీ రాజీనామా సంగతి తర్వాత. ముందు ఒకటి చెప్పాలి. మొన్న ఆదివారం రెండంతస్తుల మధ్య ఇరుక్కున్న లిఫ్టును కిందికి దించి, ఒళ్ళంతా గ్రీజుతో ఇంటికొచ్చేసరికి మా పిల్ల టీవీ ముందు పాతుకుపోయి ఉంది. పరీక్షలు నెత్తి మీద పెట్టుకుని ఏంటే ఇది అని కేకలేశాను. "ఆర్పీజీ నాన్నా, కథలో మనమే ఊరూరూ తిరిగే వీడియో గేమ్, జపాన్ వాళ్ళది. యాభై గంటలు ఆడినా సగం కూడా అవలేదు" అంది, అదేదో ఘనకార్యమైనట్టు. ఇంకా తిట్టబోతూ తెర వంక చూశాను. నలుగురు మనుషులు ఒకళ్ళ వెనక ఒకళ్ళు నడుచుకుంటూ ఓ ఊళ్ళోకి వచ్చారు. సత్రంలోకి వెళ్ళారు. బల్ల వెనక ఓ ముసలావిడ నిలబడి ఉంది. అక్కా, గ్రీజు చేతులతోనే సోఫాలో కూలబడ్డాను.

నాన్న టీవీ రిపేరు కొట్టు వెనక గది గుర్తుందా? ఎవరో బాగుచెయ్యమని ఇచ్చి మళ్ళీ రాని ఆ ఆట పెట్టె? దాంట్లో ఉన్న ఒకే ఒక్క కేసెట్టు? పిల్లకి ఆ బొమ్మలు గీసి చూపిస్తే, "దాన్ని ఇప్పుడు కొత్తగా చేసి ఇంగ్లీషులో అమ్ముతున్నారు" అంది. కొనేశాను. పని నుంచి రాగానే రోజూ ఓ గంట అదే. నీ మరదలు పక్కన కూర్చుని, "నడవడం, కొట్టుకోవడం, పడుకోవడం, మళ్ళీ నడవడం. ఇందులో ఏముందండీ?" అంటోంది. ఏముందో నాకు చెప్పడం చేతకాలేదు. నీకు చేతనవుతుంది. రాసి పంపు.

రాజీనామా సొరుగులోనే ఉండనీ. అదేం పాచిపోదు.

నీ తమ్ముడు (గుండు అని నేను మాత్రం రాయను)

---

ఒరేయ్ ప్రియమైన గుండూ,

ఆ గది నాకు వాసనతో సహా గుర్తుంది. వైర్లు అతికించేటప్పుడు కాలే సీసం వాసన. ఆ టీవీలో రంగులు చెడిపోయి చెట్లూ మనుషులూ అందరూ ఆకుపచ్చగా ఉండేవాళ్ళు. రిమోట్ ఎప్పుడూ నీ చేతిలోనే. ఒక్కసారైనా నన్ను ముట్టుకోనిచ్చావా? నా పని చదవడం. తెర కింద గడిలో కోడి కెలికినట్టు అక్షరాలు రాగానే, "అక్కా, ఏమంటోంది?" అని నా మోచెయ్యి లాగేవాడివి. రాజుకి బొంగురు గొంతు పెట్టేదాన్ని. దొంగకి ముక్కుతో మాట్లాడేదాన్ని. సత్రం అవ్వకి వణుకు గొంతు. కొట్లోంచి నాన్న, "ఎవరే వచ్చింది?" అని కేకేసేవారు, గుర్తుందా?

అక్కకి జపాన్ భాష ఎలా వచ్చిందని ఇన్నేళ్ళలో నువ్వు ఒక్కసారీ అడగలేదు. రాదురా. ఒక్క అక్షరం రాదు. అంతా నోటికొచ్చింది చెప్పాను. అందుకే ఇంగ్లీషులో ఆడకు. ఉన్న ముచ్చట కాస్తా పోతుంది.

మరదలు అడిగినదానికి జవాబు. ఆ ఊళ్ళలో ఏ తలుపుకీ తాళం ఉండదు. ఎవరింట్లోకైనా తిన్నగా వెళ్ళి ఎదురుగా నిలబడితే, చేస్తున్న పని ఆపి నీతో మాట్లాడతారు. తొందరన్నది లేదు. లోకం మునిగిపోతోందని రాజు గగ్గోలు పెడుతున్నా, నువ్వు చేపలు పట్టుకుంటూ తిరిగితే లోకం నీ కోసం ఆగుతుంది. గెలవలేకపోతే ఊరి చుట్టూ తిరుగుతూ చిన్నా చితకా పురుగుల్ని కొడితే చాలు, బలం పెరుగుతుంది. పెరిగిందని అంకె వేసి మరీ చూపిస్తారు. నిన్నటికంటే ఈరోజు నయం అని మనకెవరు చూపించారు చెప్పు?

అన్నిటికంటే నాకు ఇష్టం సత్రం. ఒక్క రాత్రి పడుకుంటే కత్తిపోట్లు, విషం, అన్నీ మాయం. పొద్దున్నే నలుగురూ వరసగా బయల్దేరతారు. నేనూ ఆపరేషన్ అయినప్పటి నుంచి రోజూ పడుకుంటున్నాను, రోజూ లేస్తున్నాను. ఏ పొద్దునా నా గొంతు తిరిగి రాలేదు.

రాజీనామా మీద తేదీ వేసేశాను. ఈ నెల ఆఖరు రోజు.

మీ అక్క

---

ప్రియమైన అక్కకి,

నువ్వు వద్దన్నావు, నేను ఆపలేదు. నువ్వు చెప్పినవాటిలో ఒక్కటంటే ఒక్కటీ నిజం కాదు. రాకుమారి పడవెక్కి పారిపోయిన కథ అసలు లేనే లేదు. దొంగ దొంగే కాదట, వడ్రంగి. ఇక సత్రం అవ్వ. సముద్రం మీదికి వెళ్ళిన తమ్ముడి కోసం రోజూ దీపం పెట్టుకుని కూర్చుంటుందని చెప్పావు. నేను వెక్కివెక్కి ఏడిస్తే నాన్న వచ్చి నిన్ను కోప్పడ్డారు. ఆవిడ అసలు మాట ఇదీ: "గది ఖాళీగా ఉంది. పడుకుంటారా?" అంతే!

అయితే ఒకటి విను. నీకు జపాన్ భాష రాదని నాకు అప్పుడే తెలుసు. తెర మీద గీతలు ప్రతిసారీ అవే, నువ్వు చెప్పేది మాత్రం ప్రతిసారీ వేరు. ఒకసారి అవ్వ దీపం గురించి చెప్పింది, ఇంకోసారి మోకాళ్ళ నొప్పుల గురించి, మరోసారి నాన్న మీద చాడీలు చెప్పింది. చిన్నవాణ్ణే గానీ మొద్దుని కాదుగా. ఒంటి మీద గాయం లేకపోయినా మాటిమాటికీ సత్రానికి ఎందుకు వెళ్ళేవాణ్ణనుకున్నావు? ఈసారి ఏమంటుందో విందామని. నాకు ఆట అంటే అదే అక్కా. ఇప్పుడు ప్రతి మాటా అర్థమవుతోంది, ఆ ముసలావిడ దగ్గరికి రెండోసారి వెళ్ళబుద్ధి కావడం లేదు.

ఇంకో సంగతి. అందరి ముందూ నడుస్తాడే, నీలం తలపాగా కుర్రాడు, మన హీరో, వాడు ఇంగ్లీషులో కూడా ఒక్క మాట మాట్లాడడు. నువ్వు అందరికీ గొంతిచ్చి వాడికి మాత్రం ఇవ్వలేదు, వాడికి గడే రాదు కనక. అయినా మిగతా ముగ్గురూ వాడి వెనకే నడిచారు. ఎందుకలాగని పిల్లనడిగితే, "ఇలాంటి ఆటల్లో చాలామంది హీరోలు అంతే నాన్నా. వాడు వినడానికి ఉంటాడు" అంది.

పార్సిల్లో మన పాత పెట్టె పంపుతున్నాను. నాన్న సామాన్లలో దొరికితే కూర్చుని బాగుచేశాను. కేసెట్టులో ఆటని గుర్తుపెట్టుకునే బ్యాటరీ చచ్చి, చివరి కోట గుమ్మం దాకా వచ్చిన మన ఆట చెరిగిపోయింది. నీకు ఉద్యోగమొచ్చి వెళ్ళిపోయాక నేనొక్కణ్ణే ఆ కోటలోకి వెళ్ళలేదు. వెళ్తే చదివేవాళ్ళేరీ? కొత్త బ్యాటరీ వేశాను. మొదటి ఊరి నుంచి మొదలుపెట్టాలి. రిమోట్ నువ్వే పట్టుకో, ముట్టుకోనివ్వలేదని దెప్పావుగా.

తేదీ వేసినంత మాత్రాన ఇచ్చేసినట్టు కాదు.

నీ తమ్ముడు

---

ప్రియమైన అక్కకి,

నెలాఖరు వెళ్ళిపోయింది. నీ దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. బావకి ఫోన్ చేస్తే, "మీ అక్కే రాస్తుందిలే" అని హడావిడిగా పెట్టేశారు. రాజీనామా ఇచ్చేశావా? ఇస్తే ఇచ్చావు, నేనేమీ అనను. ఆ మాట్లాడని కుర్రాడి గురించి రాసింది నీ మనసుకి గుచ్చుకుందేమోనని నాకు అన్నం సయించడం లేదు. లిఫ్టు తలుపులు తెరిచినంత సులువుగా మనుషుల్ని తెరవచ్చనుకున్నాను. ఒక్క ముక్క రాయి. తిట్టయినా సరే.

గుండు

---

ప్రియమైన గుండూ,

తిట్టడానికి కూడా తీరిక లేదు. కారణం నువ్వు పంపిన పెట్టే. మొదట్లో గోడలకి గుద్దుకోవడమే సరిపోయింది. ఇంత కష్టమైన పని నువ్వు చిన్నప్పుడు అంత అలవోకగా ఎలా చేశావురా? తెర కింద గడి రాగానే మీ బావని మోచేత్తో పొడిచాను. నాకేం తెలుసని సైగ చేశారు. మళ్ళీ పొడిచాను. గొంతు సవరించుకుని, రాజుగారి తరఫున, "భోంచేశారా?" అన్నారు. పక్కింటి దొంగ కూడా, "భోంచేశారా?" అనే అడిగాడు. గుర్రం కూడా అదే మాట. అంత ఘోరంగా చదివేవాణ్ణి నేనెక్కడా చూడలేదు. కానీ మాట్లాడుతున్నారు, తమ్ముడూ. పెట్టె ఆపేశాక కూడా మాట్లాడుతున్నారు.

రాజీనామా చేత్తో ఇద్దామని నెలాఖరున నేనే వెళ్ళాను. సూపరింటెండెంటు సీట్లో లేరు, వచ్చేదాకా బోర్డుల గదిలో కూర్చోమన్నారు అక్కడివాళ్ళు. కూర్చున్నానో లేదో ఓ డ్రైవరు వచ్చాడు, తన బస్సు ఆలస్యమని చెప్పడానికి. తలూపాను. అతను పోలేదు. ఎందుకు ఆలస్యమో చెప్పాడు, నడుం నొప్పి సంగతి చెప్పాడు, అల్లుడితో మాటల్లేవని చెప్పాడు. నేను చేసిందల్లా ఎదురుగా ఉండటమే. అతను వెళ్ళాక క్యాంటీన్ ఆవిడ వచ్చింది. ఆ తర్వాత ఆ కొత్త పిల్ల గుమ్మంలో నిలబడి, "మేడం, మైకు ముందు కూర్చుంటే నాకు కాళ్ళు వణుకుతున్నాయి. మీకూ మొదట్లో వణికేవా?" అంది. వణికేవి. చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాను.

ఇరవై ఏళ్ళు ఆ అద్దాల గదిలోంచి ఊరందరితో నేనే మాట్లాడాను. నాతో మాట్లాడినవాళ్ళు లేరు. నువ్వు రాసిన నీలం తలపాగావాడు ఆ కుర్చీలో గుర్తొచ్చాడు. సూపరింటెండెంటు వచ్చేసరికి నేను ఆ డ్రైవరు బస్సు ఆలస్యమని బోర్డు మీదికి కొట్టేశాను. కాగితం హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉండిపోయింది.

అంతా బాగుందని కాదు. ఆ పిల్ల గొంతు వినబడితే ఇప్పటికీ గుండెలో కలుక్కుమంటుంది. మొన్న "ఆలస్యానికి చింతిస్తున్నాము" అని అచ్చం నాలాగే సాగదీసింది, బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చొచ్చాను. మళ్ళీ వచ్చి కూర్చున్నాను. నిన్న టమాటాలు కూడా కొన్నాను, వేలు చూపించే.

వచ్చే నెల నాకు సెలవుంది. పెట్టె పట్టుకుని మీ ఇంటికొస్తున్నాను. చివరి కోట ఇంకా ఎక్కడో ఉంది, దానికేం తొందర? రిమోట్ మాత్రం నాది, ఎవరూ ముట్టుకోవడానికి వీల్లేదు. ముందు సత్రానికి వెళ్తాను. అవ్వ ఎదురుగా నిలబడి నీ మోచెయ్యి లాగుతాను. ఏమంటోందో నువ్వు చదవాలి. "గది ఖాళీగా ఉంది" అన్నావంటే ఊరుకోను. బయటికెళ్ళి మళ్ళీ లోపలికొస్తాను. గాయాలున్నా లేకపోయినా వస్తూనే ఉంటాను.

నువ్వేం చెబుతావోనని ఇప్పటి నుంచే చెవులు రిక్కించుకున్న,
మీ అక్క