మ్యాప్‌లో నీ చుక్క

చెల్లీ,

అక్క ఆశీస్సులు. ఇక్కడ నేనూ అమ్మా క్షేమం. అమ్మ మోకాళ్లు మామూలే, నోరు అంతకన్నా మామూలే. నీ ఉత్తరం చదివిన నిమిషమే ఫోన్ చేసి గది ఖాళీ చెయ్యమన్నాను కదా. నీతో కుట్టుపని చేసే ఆవిడ ఇంటికి చేరానన్నావు, కాస్త ఊపిరొచ్చింది. "ఎందుకక్కా, ఏమైంది?" అని నువ్వడిగితే లైన్ కట్టయినట్టు నటించాను. ఆ జవాబు ఇప్పుడు రాస్తున్నాను. ఇప్పటికే నాలుగు కాగితాలు చించాను.

ముందు తేలికైన ప్రశ్న. ఫోన్‌లో ప్రకటనలు మళ్లీ వస్తున్నాయన్నావు. ప్రకటనలు రాకుండా నేను పెట్టిన ప్రైవేట్ డీఎన్ఎస్‌ని, ఫ్యాక్టరీ వైఫై పట్టడం లేదని నువ్వే ఆపేసి ఉంటావు. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ కిందికెళ్లి, నేనిచ్చిన చీటీలోని పేరు మళ్లీ కొట్టు. టార్చి యాప్‌కి నీ ఫోన్‌లోని నంబర్లతో పనేంటి? అలాంటి అనుమతులన్నీ తీసెయ్యి. కంపెనీ వేసిన తాళాలన్నీ విరగ్గొట్టి ఫోన్ రూట్ చేయిస్తానన్నాడా మీ సూపర్‌వైజర్? వద్దను. ఈగల్ని ఆపడానికి తలుపు పీకేసినట్టుంటుంది. అదేమీ లేకుండానే ఫోన్‌ని మన చెప్పుచేతల్లో పెట్టుకోవచ్చు.

ఎనిమిది నెలల కింద, పెదవి పగిలి నువ్వు నా ఫోన్ రిపేరు షాపుకొచ్చిన రోజు అదేగా చెప్పాను! మీ ఆయన క్యాలెండర్ పేరుతో దాచిన నిఘా యాప్‌ని నీ కళ్లముందే పీకేశాను. "ఇక నీ ఫోన్‌కి నువ్వే యజమానివి" అన్నాను. నువ్వు నవ్వావు. ఆ నవ్వు గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తోంది.

రెండో ప్రశ్న. గురువారం మీ ఆయన నీ గది కిందున్న బేకరీ ముందుకి ఎలా వచ్చాడు, అమ్మ నోరు జారిందా అనడిగావు. పాపం, ఈ ఒక్కసారికి అమ్మ తప్పు లేదు.

తప్పు నాది. ఆ రోజు అన్నీ తీసేశాక, ఫోన్ నీ చేతికిచ్చే ముందు, నీ లొకేషన్ నాకు కనబడేలా పెట్టుకున్నాను. నిన్ను అడగలేదు. అడిగితే వద్దంటావని తెలుసు. పొద్దున్నే షాపులో టాబ్లెట్ తెరిచి, నీ ఫొటో ఉన్న చుక్క ఫ్యాక్టరీకి చేరేదాకా టీ ముట్టేదాన్ని కాదు. వాడు చేస్తే నిఘా, నేను చేస్తే ప్రేమ అనుకున్నాను. నా బుద్ధి గడ్డి తింది.

పోయిన నెల మీ ఆయన గ్లాసు పగిలిన ఫోన్‌తో వచ్చాడు. "మీకన్నా బాగా ఎవరు చేస్తారు వదినా" అంటూ. పొమ్మనాల్సింది. ఫోన్ విప్పితే ఏం పన్నుతున్నాడో తెలుస్తుందని ఆశపడి, స్టూలు వేసి కూర్చోబెట్టాను. గ్లాసు ఊడదీసే హీటర్ కోసం లోపలికెళ్లి వచ్చేసరికి కౌంటర్ మీది టాబ్లెట్ వైపు వంగి ఉన్నాడు. తలెత్తి, "మీ చెల్లెలు క్షేమమేగా వదినా?" అన్నాడు.

వాడు చూశాడని నాకప్పుడే తెలుసు, చెల్లీ. నాలుగు కాగితాలు చించింది ఈ ఒక్క మాట దగ్గరే. నీకు చెప్పాలంటే నేను చేసింది కూడా చెప్పాలి. చూసుండడులే, చూసినా అర్థమై ఉండదులే అనుకుంటూ పందొమ్మిది రోజులు నోరు మూసుకున్నాను. నా పరువు దాచుకోవడానికి నీ ప్రాణం పణంగా పెట్టాను. క్షమించమని అడగను. ఏ ముఖం పెట్టుకుని అడగను?

టాబ్లెట్ బీరువాలో పెట్టి తాళం వేశాను. అయినా నా మాట నమ్మకు, నీ చేత్తోనే తెంచు. మ్యాప్‌లో నీ ఫొటో నొక్కితే లొకేషన్ షేరింగ్ అని వస్తుంది. అక్కడ ఒక్కటే పేరుంటుంది. తీసెయ్యి. పాస్‌వర్డ్ మార్చు, నాకు చెప్పకు. కొత్త గది వెతుక్కుంటావుగా, అదెక్కడో కూడా చెప్పకు. పోలీసులకి మాత్రం చెప్పు. సాక్ష్యానికి నేనొస్తాను, ఈ ఉత్తరం చూపించు.

ఆదివారం ఒక్కసారి బీరువా తెరిచి చూస్తాను. మ్యాప్‌లో నువ్వెక్కడా కనబడకపోతే, నువ్వు క్షేమమని అమ్మకి చెప్తాను.

ఇట్లు,
ఆ ఒక్క పేరు గల
మీ అక్క