అత్తయ్య పోసే పాలు

మంగళవారం, నాగాయలంక

బందరు ఆసుపత్రి నుంచి చివరి బస్సుకి ఇల్లు చేరాం. మా ఆయన దారంతా నీళ్లు అడుగుతూనే ఉన్నారు. అవనిగడ్డ దాటాక, వలలు పడవలో వేశావా అన్నారు నాతో. వేటకి వెళ్లి నెలలైన సంగతి ఆయనకి గుర్తే లేదు.

మేం భయపడ్డట్టు టీబీ కాదట. సార్కాయిడోసిస్ అన్నారు డాక్టరు గారు. ఊపిరితిత్తుల్లో వాపుతో చిన్న చిన్న గడ్డలు కట్టాయట. అవే ఒంట్లో విటమిన్ డి ఎక్కువ తయారుచేసి, రక్తంలో కాల్షియం పెంచేస్తున్నాయట. ఈ దాహం, ఈ మతిమరుపు అన్నీ దానివల్లే. కిడ్నీలు కూడా దెబ్బతిన్నాయి. "ఇవాళ మంచాలు ఖాళీ లేవు, రేపు పొద్దున్నే తీసుకొచ్చి చేర్చండమ్మా. ఎండ, పాలు, కాల్షియం మాత్రలు ఇవాళే మాన్పించండి" అన్నారు.

ఆయన నీరసపడ్డప్పటి నుంచీ అత్తయ్య చేస్తున్నది అదే కదా. చేపలు ఎండబెట్టే చోటే మంచం వేసి కొడుకుని ఎండలో కూర్చోబెడుతుంది. ఎముకలకి బలమని ఎండు మెత్తళ్లు ముళ్లతో సహా దంచి అన్నంలో కలుపుతుంది. ఆయనకి పాలు మిగలాలని తను టీ తాగడం మానేసింది.

ఇవాళ కూడా గుమ్మంలోనే గ్లాసుతో ఎదురొచ్చింది. "ఎలా చిక్కిపోయావు నాయనా, తాగు. రేపట్నుంచి ఇంకో గ్లాసు పోస్తాను" అంది. ఆయన చెయ్యి చాపారు. నేను లాక్కుని పెరట్లో పారబోశాను.

"నా బిడ్డ నోటి దగ్గరది లాగేస్తావా?" అని ఏడుస్తూ, ఏమీ తినకుండా పడుకుంది.

ఎందుకు లాగేశానో ఇంకా చెప్పలేదు. ఎలా చెప్పను? చెప్పకపోతే రేపు ఆసుపత్రికి కూడా ఫ్లాస్కులో పాలు పట్టుకొస్తుంది.